మా ఎర్రకోడి మీద పడిన నింద

మా చిన్నప్పుడు... మా ఎర్రకోడి గుడ్లు పొదగడానికి కూర్చుందంటే, గంప దగ్గరికి ఎవరొచ్చినా ఈకలన్నీ లేపి గుర్రుమనేది. చెయ్యి పెడితే రక్తం వచ్చేలా పొడిచేది. నన్ను మాత్రం ఏమీ అనేది కాదు. కనగానపల్లి దగ్గర మా ఊళ్ళో, మా దొడ్లో తిరిగే అయిదు కోళ్ళలో అది నా కోడి.

ఆ ఏడు మా అవ్వ గంపలో వేరుశనగ పొట్టు పోసి, పదకొండు గుడ్లు పెట్టింది. ఒక్కో గుడ్డు మీదా బొగ్గుతో గీత గీసింది. ఎందుకంటే... ఒక కోడి ఎక్కడ కూర్చుంటే మిగతావీ వచ్చి అక్కడే గుడ్డు పెడతాయి. మా నల్లకోడి అయితే మరీ! దీన్ని పక్కకు తోసేసి, దర్జాగా గుడ్డు పెట్టి, ఊరంతా వినబడేలా అరుచుకుంటూ వెళ్ళేది. ఎర్రకోడి మేతకు దిగినప్పుడు గీత లేని గుడ్లు ఏరి తీసేయడం నా పని.

వారం రోజులు తీశాను. తర్వాత అవ్వే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"తియ్యాకు పాపా... ఉండనీలే. ఇంగా నాలుగు పిల్లలు ఎక్కువైతాయి."

ఆశ! పదకొండు కాస్తా పంతొమ్మిదయ్యాయి. పాపం, దాని రెక్కలెంత, ఆ గుడ్లెన్ని? లోపలివి వెచ్చగా ఉంటే అంచున ఉన్నవి చల్లబడేవి. రోజంతా ముక్కుతో వాటిని లోపలికి లాక్కుంటూనే ఉండేది. అప్పుడు ఇంకో నాలుగు బయటికి జారేవి... మేతకు కూడా సరిగ్గా దిగేది కాదు. ఎండుపుల్లలా అయిపోయింది.

ఇరవై ఒక్క రోజులు దాటాయి. ఇంకో నాలుగు రోజులు చూశారు. ఒక్క పిల్ల పుట్టలేదు. అవ్వ గుడ్లు పగలగొడితే దొడ్డంతా కంపు.

"పొదిగేది చేతగాదు దీనికి. దండగ కోడి," అంది అవ్వ.

ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే కదా! నాకు ఒళ్ళు మండిపోయింది. "అవ్వే గుడ్లు తియ్యొద్దనింది నాయనా... కోడిదేం తప్పు లేదు" అని ఏడుస్తూ చెప్పాను.

నాయన నా వైపు చూడనైనా చూడలేదు. "పెద్దోళ్ళకు ఎదురు చెప్తాండావా? ఊరికే ఉండు. రేపు మీ మామ ధర్మవరం నుంచి వస్తాండాడు. దీన్నే కోద్దాం."

కోశారు. అవ్వ నోరు విప్పి ఒక్క మాట చెప్పి ఉంటే అది బతికేది... చెప్పలేదు.

నేను తిననని మొండికేశాను. అవ్వ నా కంచంలో రాగిసంకటి పెట్టి, పక్కన కాలుముక్క వేసింది. "తిను పాపా, కోపం కడుపు మీద చూపియ్యాకు" అంది. ఆకలేసింది... తిన్నాను. అవ్వ మీద కోపం ఎప్పుడో చల్లారింది కానీ, ఆ ముద్ద మింగిన నా మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో కరెంటు పెట్టెలో పొదిగిన పిల్లల్ని కొనుక్కొస్తున్నారు. గుడ్లు పాడైతే కరెంటును తిట్టుకుంటారు. నయం... దాన్ని కోసి కూర వండలేరు.

మీ ఇంట్లో కూడా పెద్దవాళ్ళ తప్పు ఏ నోరులేని జీవం మీదైనా పడిందా? ఉంటే రాయండి. అప్పుడు మన మాట ఎవరూ వినలేదు... కనీసం ఇప్పుడైనా దాని తరఫున ఒకరు చెప్పినట్టుంటుంది.