ముందు చిన్న గిన్నెలో

చిట్టీ, నువ్వు లేవని రాయడానికి చేయి రావడం లేదు.

పోయిన నెల మా అమ్మాయి చిట్టిని ప్రభువు పిలుచుకున్నాడు. జబ్బు ముదిరిపోయింది. అది రాసిన కంప్యూటర్ ప్రోగ్రామును వాడుకునేవాళ్లు ఎక్కడెక్కడో ఉన్నారట. మీకే ఇది రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. పెద్దగా చదువుకోలేదు, తప్పులుంటే సర్దుకోండి.

జువ్వలదిన్నెలో నాకు చేపల పులుసు భోజనం పెట్టే చిన్న హోటలుంది. ఒకసారి పులుసు నోట పెట్టలేనంత మంటెక్కింది. పడవ దిగి వచ్చిన ఒకాయన అందరి ముందే, "ఏందక్కా, ఈ పులుసులో చేపలే ఏడస్తా ఉండాయి!" అన్నాడు. ఒకటే నవ్వులు. నేను వేసే కొలత మారలేదు. అంగడాయన చెప్పకుండా వేరే మిరపకాయల కారం ఇచ్చాడని తర్వాత తెలిసింది.

మా అమ్మాయి కూడా కడుపుబ్బా నవ్వి, "మా ప్రోగ్రాములూ ఇంతేమా. మేం రాసేది కొంచెం. మిగతాది ఎవరెవరో రాసిపెట్టింది తెచ్చి కలుపుకుంటాం. వాళ్లు ఏదన్నా మారిస్తే మాది చెడిపోద్ది" అంది.

"మరెట్టా?"

"కుదిరిన రకాన్నే పట్టుకోనుంటాం. కొత్తది వస్తే ముందు చిన్న గిన్నెలో వండి చూసినట్టు చూస్తాం. నువ్వూ అట్నే చెయ్యి."

అప్పటినుంచీ అలాగే చేస్తున్నాను. పులుసు మళ్లీ చెడలేదు.

తేదీలు సరిచూసే ఆ చిన్న ప్రోగ్రామును అదొక్కతే చూసుకునేది. తాను పోయాక అది చెడితే, కలుపుకున్న వాళ్లందరి పనీ ఆగిపోతుందని చిట్టి దిగులు. ఆసుపత్రి మంచం మీద కూడా ల్యాప్‌టాప్ వదల్లేదు. "రెండు ముద్దలు తినవే" అంటే, "అప్పజెప్పి తింటాలేమా. నమ్ముకోనుండారు" అనేది. తనతో పనిచేసే స్నేహితురాలు వచ్చి, పక్కనే కూర్చుని అంతా నేర్చుకుంది. అది అయ్యాకే చిట్టి నా చేతి ముద్ద తిన్నది.

మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక ఆ స్నేహితురాలు ఇంటికొచ్చింది. "ఆంటీ, మేం కలుపుకున్న దాంట్లో ఒకటి మారింది. ముందు విడిగా పెట్టి చూసినా. బాగానే ఉండాది. ఎవురి పనీ ఆగలేదు" అంది. పిల్ల మొహం వాడిపోయి ఉంది.

"తిన్నావా?"

"టైం లేదాంటీ."

అచ్చం మా చిట్టే. చిన్న గిన్నె పొయ్యి మీద పెట్టాను. పులుసు ఉడుకుతుంటే మా అమ్మాయి మూత తీసి వాసన చూసేది. ఆ రోజు ఆ పిల్ల తీసింది.

మా చిట్టి పనిని నమ్ముకున్న మీకందరికీ ఒకటే చెబుతున్నాను. వేళకు కడుపునిండా తినండి.