మ్యాట్ కింద చెయ్యి

ఏడూ నలభై ఐదుకి బయల్దేరాల్సిన చార్టర్డ్ బస్సు రోజూ ఏడూ యాభై రెండుకి కదిలేది. ఆ ఏడు నిమిషాలూ గోవిందరాజులు గారి కుడిచెయ్యి బస్సు మ్యాట్ కింద ఉండేది.

ఏ బండి ఎక్కినా ఆయన వెంటనే కూర్చోరు. గొంతుక్కూర్చుని, మ్యాట్ అంచు ఎత్తి, చెయ్యి మోచేతి దాకా లోపలికి పోనిచ్చి తడి ఉందేమో చూస్తారు. తర్వాత వేళ్లు వాసన చూస్తారు. అప్పుడు కూర్చుంటారు. సొంత బండీ అద్దె బండీ అన్న తేడా లేదు. ఆటోలో మ్యాట్ ఉండదు కాబట్టి ఆటోవాడి కాళ్ల దగ్గర తడుముతారు. ఢిల్లీ, నోయిడా, ఘజియాబాద్‌లలో ఆయన్ని ఎక్కించుకున్న ప్రతి డ్రైవరూ ఏం పడిపోయిందని ఒకటే అడిగాడు.

"క్యా గిర్ గయా, సాబ్?"

"పానీ," అనేవారు గోవిందరాజులు.

డ్రైవరు తల బయటపెట్టి ఆకాశం వంక చూసేవాడు.

నిరంజన్ ఆయన మంత్రిత్వ శాఖలోనే అసిస్టెంటు. పెళ్లికాని కుర్రాడు, ఢిల్లీ శివారు వైశాలిలో ఆయన పై అంతస్తులో అద్దెకుండేవాడు. అక్కడి ఉద్యోగులు ఢిల్లీ ఆఫీసులకి వెళ్లడానికి కలిసి మాట్లాడుకున్న ఆ బస్సులో ఆయనది తలుపు పక్కనున్న ఒంటి సీటు, నంబరు ఒకటి. నడవకి అటువైపు నిరంజన్ సీటు. అందుకని సిద్ధాంతమంతా వాడే వినాల్సి వచ్చేది.

"నీళ్లూ వైర్లూ ఒకచోట ఉండకూడదయ్యా. పైనుంచి ఎక్కడో చిన్న రబ్బరు చిరుగులోంచి చుక్క చుక్క దిగుతుంది. మ్యాట్ కింద చేరుతుంది. అక్కడ వైర్లుంటాయి. వాన కురిసిన రోజు అందరికీ భయం ఉంటుంది. వెలిసిన నాలుగో రోజు ఎవడికీ ఉండదు. మంట ఆ నాలుగో రోజు కోసమే చూస్తుంది."

"మీరెన్నిసార్లు చూశారండీ?"

"ఒక్కసారి. చాల్లే."

అది నిజం. 1999లో ఆయనకో సెకండ్ హ్యాండ్ కారు ఉండేది. వానలు వెలిసిన నాలుగో రోజున, మంచి ఎండలో, ఆఫీసు పార్కింగులో అది దానంతటదే కాలిపోయింది. లోపల ఎవరూ లేరు. ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరులోంచి నీళ్లు దిగాయని మెకానిక్ చెప్పాడు. కారు పోయినా దాని తాళంచెవిని గోవిందరాజులు ఇంటి తాళాల గుత్తిలోంచి తియ్యలేదు.

ఒకసారి బంధువుల అమ్మాయి పెళ్లికి నిరంజన్‌ని కూడా తీసుకెళ్లారు. పిల్ల తెలుగు, పిల్లవాడు పంజాబీ. అప్పగింతలయ్యాయి, పిల్ల పూలకారులో కూర్చుంది. గోవిందరాజులు గారు జనాన్ని తోసుకుంటూ వెళ్లి కారు పక్కన గొంతుక్కూర్చుని పెళ్లికూతురి కాళ్ల కింద మ్యాట్ ఎత్తి చెయ్యి పెట్టారు. తర్వాత వేళ్లు ముక్కు దగ్గరికి తెచ్చుకున్నారు. పిల్లవాడి తండ్రి ఒక్క క్షణం తటపటాయించి, పక్కవాడితో "మద్రాసీ రివాజ్ హోగా" అని, తనూ వంగి మ్యాట్ తాకి వేళ్లు కళ్లకద్దుకున్నాడు. ఆయన వెనక పదకొండు మంది మగపెళ్లివారు వరస కట్టారు. డ్రైవరు ఆఖరువాడు. ఆరు నెలల తర్వాత ఆ ఇంట్లో జరిగిన మరో పెళ్లిలో, ఒక్క తెలుగువాడూ లేకుండానే, ఆ తంతు మళ్లీ జరిగిందని విన్నారు.

ఈ కథలన్నిటికీ ఆయన భార్య సునందది ఒకటే వ్యాఖ్యానం.

"ఊరందరి మ్యాట్ల కిందా చెయ్యి పెడతారు. మా బాత్‌రూం కుళాయి మూడు నెలల నుంచి కారుతోంది, దాని కింద ఒక్కసారి పెట్టరు."

"కుళాయికి వైరు లేదు కదే," అనేవారాయన.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది కానీ, ఆ ఏడు నిమిషాల దగ్గరే పేచీ వచ్చింది. ఆఫీసులో హాజరు రిజిస్టరు తొమ్మిదీ పదికల్లా పై అధికారి బల్ల మీదికి వెళ్లిపోతుంది. ఆ తర్వాత వచ్చినవాడి పేరు పక్కన ఎర్ర గీత. మూడు గీతలకి అరరోజు సెలవు కోత. 2006 జూలైలో బస్సులోని ముప్ఫై ఎనిమిది మందికీ కలిపి తొంభై గీతలు పడ్డాయి.

ఆగస్టు మొదటి ఆదివారం సెక్టార్ నాలుగు పార్కులో బస్సు సభ్యుల సమావేశం జరిగింది. కార్యదర్శి అనంతరామయ్య గారు. ఆయన అండర్ సెక్రటరీ. ఒక గది నుంచి ఇంకో గదికి తన ఫైలు తనే మోసుకెళ్లి ఎరగరు. మొదట మాట్లాడింది లక్ష్మీకుమారి గారు.

"మూడేళ్ల కిందట ఆ ఒకటో నంబరు సీటు నాది. తలుపు పక్కన, ఎవరి మోచెయ్యీ తగలకుండా, ఉద్యోగ్ భవన్ దగ్గర అందరికంటే ముందు దిగేదాన్ని. ఈయనొచ్చి కళ్లు తిరుగుతున్నాయమ్మా అంటే పాపం అని ఇచ్చాను. మూడేళ్లలో ఒక్కనాడు తిరిగాయా? నేను వెనకాల కూర్చుని చూస్తూనే ఉన్నాను, ఒక్కనాడు తిరగలా. రోజూ వంగి లేస్తున్నాడు, గుండ్రాయిలా ఉన్నాడు."

"గోవిందరాజులు గారికి ప్రాణమంటే కాస్త మక్కువ ఎక్కువ," అన్నారు అనంతరామయ్య గారు మర్యాదగా. "మేం కాదనం. కానీ మాకు సెలవులంటే మక్కువ. అంచేత తీర్మానం ఏమిటంటే, రేపట్నుంచి తనిఖీలు బంద్. మళ్లీ మ్యాట్ కింద చెయ్యి పెడితే ఆయన సీటు రద్దు. అది లక్ష్మీకుమారి గారికి తిరిగి వెళుతుంది."

గోవిందరాజులు గారు లేచారు. నిరంజన్ ఆయన్ని అంత కంగారుగా ఎప్పుడూ చూడలేదు.

"నన్ను బస్సులోంచి తీసెయ్యండి, ఒప్పుకుంటాను. ఆ సీటు మాత్రం ఆవిడకి ఇవ్వకండి."

పార్కులో పెద్ద గోల లేచింది. "చూశారా మనసు," అంది లక్ష్మీకుమారి గారు. "తను పోయినా పర్లేదుట, నాకు మాత్రం రాకూడదుట." నిరంజన్‌కే సిగ్గనిపించింది. తీర్మానం ముప్ఫై ఏడు చేతులతో గెలిచింది. ఆ చేతుల్లో నిరంజన్‌ది కూడా ఉంది.

మర్నాటి నుంచి బస్సు టైముకి కదిలింది. గోవిందరాజులు గారు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, పరీక్ష హాల్లో కూర్చున్న పిల్లాడిలా కూర్చునేవారు. డ్రైవరు సత్పాల్ అద్దంలోంచి చూసి, "అంకుల్‌జీ, ఆజ్ కుఛ్ నహీ గిరా?" అని, ఇవాళేమీ పడలేదా అన్నట్టు పరామర్శించేవాడు. రెండో వారం మూడు రోజులు ఎడతెగని వాన. తర్వాత ఎండ వచ్చింది. ఎండ వచ్చిన మూడో రోజు కల్లా మిగతావాళ్లు గొడుగులు ఇంట్లో వదిలేశారు. ఈయన మాత్రం వేళ్ల మీద లెక్కపెడుతున్నట్టు నిరంజన్‌కి అనిపించింది.

నాలుగో రోజు బస్సు ఘాజీపూర్ దగ్గర జామ్‌లో ఆగింది. హైవే వెడల్పు చేస్తున్నారు, పక్కన ఇసుక గుట్టలు పోసి ఉన్నాయి.

"నిరంజన్, నీ సీటు వెచ్చగా ఉందా?"

"లేదండీ."

"నాది ఉంది."

ఒక నిమిషం ఆయన కదల్లేదు. తర్వాత తొడల కిందనుంచి కుడిచెయ్యి బయటికి తీశారు. గొంతుక్కూర్చున్నారు. మ్యాట్ ఎత్తారు.

"పెట్టాడు," అంది వెనకనుంచి లక్ష్మీకుమారి గారు. "అనంతరామయ్య గారూ, అందరూ చూశారు కదా. నా సీటు నాకు." అప్పటికే సంచీ పట్టుకుని నడవలోకి వచ్చేసింది.

గోవిందరాజులు గారు వేళ్లు వాసన చూసుకుని లేచారు. రెండు చేతులూ చాపి ఆవిడకి అడ్డంగా నిలబడ్డారు. "సత్పాల్, గాడీ రోకో."

"జామ్ మే ఖడీ హై, అంకుల్‌జీ. ఔర్ కిత్నా రోకూ?" ఆగిన బండిని ఇంకెంత ఆపమంటారని సత్పాల్ ప్రశ్న.

"ఇంజన్ బంద్ కరో. తలుపు తియ్యి. అందరూ దిగండి."

"జరగండి," అంది లక్ష్మీకుమారి గారు.

"ముందు దిగండమ్మా, దిగాక కూర్చుందురుగాని."

అనంతరామయ్య గారు గొంతు సవరించుకున్నారు. "నడిదారిలో అందర్నీ దించడమంటే ఒక పద్ధతి ఉండాలి. దిగాలనేవాళ్లు చేతులెత్తండి."

నిరంజన్ చెయ్యి లేచింది. ఇంకెవరిదీ లేవలేదు. అనంతరామయ్య గారు ఒకటి అని లెక్కపెట్టేలోపు ఒకటో నంబరు సీటు కిందనుంచి బూడిదరంగు పొగ ఒక పాయ మెల్లగా లేచి, నడవలో అటూ ఇటూ చూసి, పైకి వెళ్లింది. తర్వాత మిగతా చేతులూ లేచాయి, వాటితో పాటు మనుషులూ లేచారు. ముప్ఫై ఏడు మంది ప్రభుత్వ ఉద్యోగులు నిమిషంలోపు ఒక పనిని పూర్తిచెయ్యడం నిరంజన్ చూడటం అదే మొదటిసారి.

గోవిందరాజులు గారు ఆఖరున దిగారు. లంచ్ సంచీలోంచి పదమూడో నంబరు స్పానర్ తీశారు. టిఫిన్ డబ్బాతో పాటు దాన్ని ఏడేళ్లుగా మోస్తున్నారట. బస్సు పక్కనున్న బ్యాటరీ పెట్టె తలుపు తెరిపించి, నట్టు వదులు చేసి, లావుపాటి కేబుల్ ఊడబీకారు. లోపల సీటు కింద మంట అప్పటికే నాలుక బయటపెట్టింది. ఆడిట్ శాఖ పెద్దమనిషి ఒకాయన నీళ్ల సీసా మూత తీస్తూ పరిగెత్తుకొచ్చాడు.

"ఆగండి," అన్నారు గోవిందరాజులు. "ఈ గొడవ మొదలుపెట్టింది ఆ నీళ్లే. ఇసుక తెండి."

"దేంతో తెమ్మంటారు?"

"భోజనం దేంట్లో తెచ్చుకున్నారు?"

ఆ పూట హైవే మీద జామ్‌లో ఉన్న వందలమంది ఒక వింత చూశారు. ఇస్త్రీ చొక్కాల వాళ్లు, జరీ అంచు చీరల వాళ్లు టిఫిన్ డబ్బాల మూతల నిండా ఇసుక తీసుకుని బస్సు తలుపు దాకా పరిగెత్తుతున్నారు. తన ఫైలు తను మొయ్యని అనంతరామయ్య గారు పద్నాలుగు మూతల ఇసుక మోశారు. లక్ష్మీకుమారి గారు మూతతో పని కాదని పప్పు కింద పారబోసి మొత్తం గిన్నెతోనే దిగింది. పొగ సన్నబడింది. చివరికి ఆగింది. బస్సు నడిచేది గ్యాసుతో; వెనకున్న ఆ సిలిండర్ల దాకా ఏమీ వెళ్లలేదు. పక్క బస్సులవాళ్లు చప్పట్లు కొట్టారు. ట్రాఫిక్ పోలీసు కూడా కొట్టి, తర్వాత గుర్తొచ్చి, "గాడీ సైడ్ మే లగావో," అన్నాడు.

సత్పాల్ లోపలికెళ్లి కాలిన ఒకటో నంబరు సీటు పీకి చూశాడు. దాని కింద ఒక చెక్క పెట్టె ఉంది. బస్సు ఫ్యూజులన్నీ అందులోనే. పెట్టె అంతా నల్లగా మాడి ఉంది, పై అంచున ఇంకా తడి.

లక్ష్మీకుమారి గారు వంగి దాన్ని చూసింది.

"ఇది మూడేళ్ల కిందట కూడా ఇక్కడే ఉందా?"

సత్పాల్ తలూపాడు. "షురూ సే, ఆంటీజీ."

"మీకు తెలుసా?" అని గోవిందరాజులు గారి వైపు తిరిగింది.

ఆయన స్పానర్ తుడుచుకుంటున్నారు. "అప్పుడే తడి తగిలింది. యజమానికి పదకొండు సార్లు చెప్పాను. పదకొండు సార్లూ పెట్టెకి వార్నీషు వేయించాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు ఆ సీటు వదిలేసేవారు. ఆ సీటు ఇంకెవరికో ఇచ్చేవారు. మన బస్సులో సీటు ఖాళీగా ఉంచుతారా?"

"అందుకని మీరు కూర్చున్నారా?"

"నాకైతే చెయ్యి పెట్టి చూసుకునే అలవాటుంది కదమ్మా."

లక్ష్మీకుమారి గారు గిన్నెలోని ఇసుక దులిపింది. "కళ్లు తిరుగుతున్నాయని అబద్ధం చెప్పారు," అంది. "అది మాత్రం నేను మర్చిపోను." అని, ఇసుక అంటని మూత ఒకటి వెతికి, అందులో తన సంచీలోని రెండు బొబ్బట్లు పెట్టి ఆయన చేతికిచ్చింది.

ఆ రోజు ముప్ఫై ఎనిమిది ఎర్ర గీతలు పడ్డాయి. తన సెక్షన్‌వాళ్లవి అనంతరామయ్య గారు స్వయంగా రిజిస్టరు తెరిచి కొట్టేశారు. కారణం గడిలో "ఇసుక మోత" అని రాశారు.

వచ్చిన ఆదివారం మళ్లీ సమావేశం. పాత తీర్మానం రద్దయింది. కొత్త బస్సు మాట్లాడారు, డ్రైవరుగా సత్పాల్‌నే ఉంచుకున్నారు. ఫ్యూజుల పెట్టె ఎక్కడుందో ముందు గోవిందరాజులు గారు చూసి, సరే అన్నాకే ఒప్పందం. సీటు ఆయన్నే ఎంచుకోమన్నారు. బస్సు ఇకమీదట ఏడూ ముప్ఫై ఎనిమిదికే వచ్చి నిలబడాలని ప్రతిపాదించింది లక్ష్మీకుమారి గారు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఈసారి ముప్ఫై ఏడు చేతులు లేచాయి. గోవిందరాజులు గారు మాత్రం, తన గురించిన విషయం కాబట్టి, ఓటు వెయ్యలేదు.

ఆ సాయంత్రం కింది ఇంట్లోంచి సునంద గారు నిరంజన్‌ని కేకేసి ఒక పాత కరెంటు వైరు ముక్క అడిగింది. తీసుకెళ్లి దాన్ని బాత్‌రూం కుళాయికి చుట్టి ముడేసింది. పొద్దున్నకల్లా, ఎవరి చెయ్యి పడిందో గాని, కుళాయి కారడం ఆగిపోయింది.

సోమవారం ఏడూ ముప్ఫై ఎనిమిదికి కొత్త బస్సు వచ్చింది. సత్పాల్ కిందికి దిగి మ్యాట్ అంచు తనే ఎత్తి పట్టుకుని, "దేఖియే, అంకుల్‌జీ," అన్నాడు. గోవిందరాజులు గారు చొక్కా చెయ్యి మడిచారు. వెనక ముప్ఫై ఏడు మంది వరసలో నిలబడ్డారు, ఎవరూ వాచీ చూసుకోలేదు.

బస్సు ఏడూ నలభై ఐదుకి కదిలింది.