చుట్టల తాతకు నేను పెట్టిన నిషేధం

ఆ రోజుల్లో, నిజాం ఏలుబడిలో, నలుగురు కూడి సభ పెట్టుకోవాలంటే సర్కారు ఇజాజత్ కావాలి. ఎవరి అనుమతీ అక్కర్లేని పని పొగ తాగడం ఒక్కటేనని మా ఇబ్రహీంపట్నం పెద్దలు గట్టిగా నమ్మేవారు. ఇరవయ్యేళ్ళ నాకు ఆ సంగతి అర్థం కాలేదు. ఊరి పఠనాలయానికి కొత్త కార్యదర్శిని (జీతం లేదు, పెత్తనం మాత్రం ఉంది) కదా అని, 'లోపల పొగ త్రాగరాదు' అని బోర్డు తగిలించాను.

కారణం లేకపోలేదు. ముందురోజు చుట్టల తాత చుట్ట నుంచి నిప్పురవ్వ రాలి పత్రిక మొదటి పేజీ నడుమ బొక్క పడింది. పక్కనే ఇల్లిల్లూ తిరిగి బతిమాలి తెచ్చిన పుస్తకాల బీరువా. తాతకు చదువు రాదు. రోజూ సాయంత్రం పదిమందిని వెంటేసుకొచ్చి, నేను పత్రిక చదువుతుంటే వినేవాడు. ఆయనకు బోర్డు కూడా నేనే చదివి వినిపించాను. చుట్ట నోట్లోంచి తీయకుండానే అన్నాడు:

"మాట్లాడనీకె సర్కారు ఇజాజత్. పొగ తాగనీకె నీ ఇజాజత్. నువ్వేం సర్కారువురా?"

"పుస్తకాలు కాలితే ఎట్ల తాతా?"

"కాలింది కాయితం. వార్త నాకు యాదికుంది."

నిన్నటి వార్తను కాలిపోయిన ముక్కతో సహా అప్పజెప్పి, పోయి బయట అరుగుమీద కూర్చున్నాడు. పదిమందీ ఆయన వెనకే నడిచారు.

"గిది బయట. ఇగ చదువు. జర గట్టిగ."

ఏం చేయను? ఖాళీ గదిలో నిలబడి, కిటికీలోంచి గొంతు చించుకుని చదివాను. గాలివాటం చూసుకుని మరీ కూర్చున్నారేమో, పదకొండు చుట్టల పొగ ఆ కిటికీలోంచే నా మీదికి వచ్చేది. నేను దగ్గితే, "దగ్గు తర్వాత. ముందుగాల వార్త కానియ్" అనేవాడు తాత. వారం తిరక్కుండా నా గొంతు బొంగురుపోయింది. కాని ఆ కేకలు విని, ఏనాడూ పఠనాలయం గడప తొక్కని ఆడవాళ్ళు పొలాల నుంచి వస్తూ ఆగసాగారు. తాతే కొంచెం జరిగి వాళ్ళకు చోటిచ్చాడు. నెల తిరిగేసరికి వాకిలి నిండిపోయింది.

'నిషేధం సంపూర్ణంగా విజయవంతమైంది, లోపల ఎవరూ పొగ త్రాగడం లేదు' అని ఆ ఏటి నివేదికలో రాశాను. అబద్ధం కాదు. లోపల నేను తప్ప ఎవరూ లేరు.

నేను చెప్పిందే న్యాయమని ఈ ముసలితనంలోనూ వాదిస్తాను. ఇప్పుడు అందరూ ఒప్పుకుంటారు కూడా. కాని ఆ అరుగుమీది వాళ్ళు విన్నట్టు నా మాట మళ్ళీ ఎవరూ వినలేదు.