ఆదివారం గారి ఆవిడ

ఆయన కాలమ్ ఆదివారం వచ్చేది కాబట్టి ఆఫీసులో అందరం ఆయన్ని 'ఆదివారం గారు' అనేవాళ్ళం. పంతొమ్మిదేళ్ళు ఆయన రాసింది ఒకే మనిషి గురించి. రెండు వీధులు దాటితే దారి తప్పే 'మా ఆవిడ', లిఫ్టెక్కి తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలియక గోడకేసి నిలబడే 'మా ఆవిడ'. చదివినవాళ్ళకు పొట్ట చెక్కలయ్యేది. ఆ పేజీ దిద్దేది నేనే గనక అందరికంటే ముందు నవ్వింది నేనే.

నిజానికి ఆవిడ బడిలో భూగోళం చెప్పే టీచరు. దారి తప్పేది ఆయన. కాపురం పెట్టిన కొత్తలో ఒక స్టాపు ముందే బస్సు దింపేసి అరగంట తిప్పితే, చివరికి ఆవిడే ఇల్లు చేర్చిందట. మొదటి కాలమ్ అదే. తప్పిపోయిన మనిషిని మాత్రం మార్చేశారు.

మొదట్లో ఆవిడా నవ్వింది. తర్వాత ఒకరోజు గోడకు పటం తగిలిస్తుంటే వెనక బెంచీలోంచి ఎవరో, ఇంటికి దారి తెలుసా టీచర్ అన్నారు. క్లాసంతా గొల్లుమంది. పిల్లల్ని విహారయాత్రకు తీసుకెళ్ళే పని ఇంకొకరికి అప్పజెబుతూ హెడ్మాస్టరు కూడా నవ్వారట. ఆ సాయంత్రం ఆవిడ ఇక తన గురించి రాయొద్దని అడిగింది. ఊరంతా నెత్తిన పెట్టుకుంటుంటే ఈ ఏడుపేమిటని ఆయన కసిరారు. ఆ వారమే 'మా ఆవిడ అలిగింది' అని రాశారు. దానికొచ్చినన్ని ఉత్తరాలు ఇంక దేనికీ రాలేదు.

సోమవారం ఆవిడ పెట్టె సర్దుకుని అక్కగారింటికి వెళ్ళిపోయింది.

కాలమ్ మాత్రం ఆగలేదు. ఆవిడ పక్క గదిలోనే ఉన్నట్టు రాస్తూ వచ్చారు. నేను కామాలు సరిచేసి అచ్చుకు పంపుతూ వచ్చాను.

మూడు నెలలకు, ఒక్కరే వెళ్ళడానికి మొహం చెల్లక, నన్ను వెంటబెట్టుకుని ఆ వదినగారింటికి బయల్దేరారు. వాళ్ళావిడే మంచినీళ్ళిచ్చి ఎదురుగా కూర్చుంది. బల్ల మీద మా పేపరే ఉంది. ఆయన ఇంటికి రమ్మన్నారు, ఇక రాయనన్నారు.

"ఎందుకు మానేయడం? ఆ ఇంట్లో ఉన్నావిడెవరో గానీ మీతో బాగానే సర్దుకుపోతోంది. ఎన్నన్నా పడుతుంది. నేనొస్తే పాపం ఆవిడెక్కడికి పోతుంది?"

గొంతు పెంచలేదు. గ్లాసులు తీసుకుని లోపలికెళ్ళింది, మళ్ళీ రాలేదు.

ఆ వారం ఆయన ఉన్నదున్నట్టు రాసిచ్చారు. ఆవిడ వెళ్ళిపోయిందని, తప్పంతా తనదేనని. ఇది అచ్చేస్తే బాగుండదేమోనని ఎడిటర్‌కి చూపించాను. ఎడిటర్ మాత్రం ఒక్క ముక్క కొట్టేయకుండా వేయమన్నారు. ఎందుకో ఆదివారం తెలిసింది. జనం పడీపడీ నవ్వారు. ఈసారి మేడం ఏ సందులో తప్పిపోయిందండీ అని ఫోన్లు.

ఇంకో నాలుగేళ్ళు రాసి, చూపు మందగించి మానేశారు. ఆవిడ తిరిగి రాలేదు.

ఆ చోట ఇప్పుడొక కుర్ర రచయిత వాళ్ళ అత్తగారి గురించి రాస్తున్నాడు. దిద్దేది నేనే. బాగానే నవ్విస్తున్నాడు.