నూట ఇరవై గంటల టీచరమ్మ

తాండూరుల ఒక ప్రైవేట్ స్కూల్ల ఆరేండ్లు ఇంగ్లీష్ చెప్పినంక నాకు తెలిసిందేందంటే, నాకు ఇంగ్లీష్ చెప్పుడు రాదని. ఈ సంగతి నాకు ఫోన్ల వచ్చిన ఒక ప్రకటన చెప్పింది. నూట ఇరవై గంటల ఆన్‌లైన్ కోర్సు చేసి సర్టిఫికెట్ తీసుకుంటె ఏ దేశంలనైనా ఇంగ్లీష్ టీచర్ కావచ్చునట. బీఈడీకి నాకు రెండేండ్లు పట్టింది. ఇదేమో నూట ఇరవై గంటలే. వీడియోలు రెండింతల స్పీడుల పెట్టుకుంటె పదకొండు దినాలల్ల అయిపోయింది. పిల్లలను చూసి నవ్వాలని, బోర్డు మీద రాసేటప్పుడు వాళ్లకు వీపు చూపియ్యొద్దని నేర్పిండ్రు. అరవై మంది ఉన్న ఏడో తరగతికి వీపు చూపిస్తె ఏమైతదో నాకు ముందే తెలుసు. అయినా బుద్ధిగ పరీక్ష రాసి నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకున్న. ఆ రెండు మార్కులు ఎందుకు పోయినయో ఇప్పటికీ తెల్వది. నవ్వుడు తక్కువైందేమో.

సర్టిఫికెట్ మెయిల్ల వచ్చింది. మా అమ్మ ఫోన్ల చూసి, "గింతేనా బిడ్డా? కాయిదం ఇయ్యరా?" అన్నది. వికారాబాద్ పోయి రంగుల ప్రింట్ తీయించుకొచ్చిన. చుట్టూ బంగారు అంచు, కింద ఎవరిదో వంకర సంతకం. అది చేతుల పెట్టినంక అమ్మకు నమ్మకం కుదిరింది.

ఇగ అప్లికేషన్లు మొదలుపెట్టిన. ఒక స్కూలాయన జవాబు రాసిండు: మీ ఇంగ్లీష్ చాలా బాగుంది, కాని మాకు ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్నవాళ్లే కావాలె అని. ఆ రెండు ముక్కలల్ల మూడు తప్పులున్నయి. అలవాటు కొద్ది దిద్ది పంపబోయి ఆగిన. ఇంకొక కాడ ముందు ఫొటో పంపుమన్నరు. పంపిన అరగంటకు ఆ ఖాళీ నిండిపోయింది. మూడో కాడ ఒకామె మంచి మనసుతోటి సలహా ఇచ్చింది: పిల్లల తల్లిదండ్రులు మీది ఏ దేశమని అడిగితె కెనడా అని చెప్పమని. కెనడాల ఏ ఊరు అంటె ఏం చెప్పాలె? మా దిక్కు కోట్‌పల్లి పక్కనే అని చెప్పాల్నా?

ఇరవై మూడు అప్లికేషన్లకు ఒక ఇంటర్వ్యూ వచ్చింది. కాంబోడియాల ఒక చిన్న పట్నం, అక్కడ ఒక ఇంగ్లీష్ సెంటరు. మా ఇంటి ఎనకనేమో నాపరాళ్లు కోసే మిషన్లు. కరెంటు ఉన్నంతసేపు చెవులు గుయ్యిమంటయి. కరెంటు పోతె చప్పుడు ఆగుతది గని, నెట్ కూడ ఆగుతది. అందుకని నేను, అమ్మ రైలెక్కి వికారాబాద్‌ల మా చిన్నమ్మ ఇంటికి పోయినం.

ఇంటర్వ్యూ చేసేటాయన అసలు సిసలు ఇంగ్లాండాయన. నేను ఇస్త్రీ చీర కట్టుకొని కూసున్న. ఆయన బనీను మీదున్నడు.

"మీ ముందల ఐదేండ్ల పిల్లలు పన్నెండు మంది ఉన్నరనుకోండి. వాళ్లకు పండ్ల పేర్లు చెప్పండి," అన్నడు.

చిన్నమ్మ ఇంట్ల ఉన్న పండు జామపండు ఒక్కటే. అది పట్టుకొని లేచి, ల్యాప్‌టాప్ ముందల ఎగిరిన, చప్పట్లు కొట్టిన, లేని పిల్లలను మెచ్చుకున్న. దర్వాజ కాడ నిలబడ్డ అమ్మ పరేషాన్ అయ్యింది. గ్లాసుల నీళ్లు పట్టుకొని సక్కగ కెమెరా ముందలికి వచ్చింది.

"జర నీళ్లు తాగు బిడ్డా. ఏమాయె నీకు?"

నా పానం పోయినంత పనైంది. ఆయన మాత్రం నవ్వి, "మంచిదాయె, ఆమెకే పాఠం చెప్పండి," అన్నడు.

ఏం చేస్త? అమ్మను పక్కన కూసోబెట్టి, జామపండు చూపించి ఇంగ్లీష్‌ల అడిగిన: "వాట్ ఈజ్ దిస్?"

అమ్మ నా మొఖం దిక్కు చూసింది, పండు దిక్కు చూసింది. "జామపండే గదా. కండ్లు కనవడ్తలేవా?"

"గువా అనాలె అమ్మా. గు-వా."

"గువా," అన్నది అమ్మ కెమెరా దిక్కు చూసి, గట్టిగ, ఊరోళ్లందరికి వినవడేటట్టు. ఎనకనుంచి మా చిన్నమ్మ కూడ "గువా" అన్నది.

ఆయన చప్పట్లు కొట్టిండు. రెండు దినాలకు ఉద్యోగం ఖాయమని మెయిల్ వచ్చింది. విద్యార్థులను పాఠంల కలుపుకునే నేర్పు మస్తుగుందని రాసిండు.

కాంబోడియాల సెంటర్ ముందల పెద్ద బోర్డు. దాని మీద బంగారు జుట్టు పిల్ల ఒకామె పండ్లన్ని కనవడేటట్టు నవ్వుతుంటది. ఆమె ఎవరో సెంటర్ల ఎవ్వరికీ తెల్వదు. తల్లులు నన్ను చూసి, నా ఎనక ఆమె వస్తున్నదేమోనని తొంగి చూసేటోళ్లు. ఇప్పుడు నవ్వుకుంట చెప్తున్న గని, మొదటి నెల బాత్రూంల చప్పుడు వినవడకుండ నల్లా నీళ్లు ఇడిచి ఏడ్చిన దినాలున్నయి.

నాతోటి ఇంకొక సారు ఉండె. తెల్లటాయన, నీలి కండ్లు. ఆయన దేశంల కూడ ఇంగ్లీష్ మాట్లాడరు. అసలు పని లిఫ్టులు బాగుచేసుడు. ఆయనది కూడ నూట ఇరవై గంటలే. అయితె ఆయనను ఎవ్వరూ మాతృభాష అడగలే. క్లాసుకు పోయేముందు మెల్లగ నా కాడికి వచ్చి, "హ్యాజ్ ఎక్కడ, హ్యావ్ ఎక్కడ?" అని అడిగి పోయేటోడు. మంచి మనిషి. నాలుగు నెలలకు ఒక పెద్ద హోటల్ల లిఫ్టుల పని దొరికితె, జైలు నుంచి ఇడిచినంత సంబురంగ పోయిండు.

ఆయన క్లాసు నాకు వచ్చింది. మొదటి దినం ముగ్గురు తల్లులు ఎనక బెంచీల మీద కూసోని గంటసేపు నన్ను చూసిండ్రు. క్లాసు అయిపోయినంక ఒకామె నా దగ్గరకు వచ్చింది. ఆఫీసుల పనిచేసే పిల్ల ఆమె మాటను ఇంగ్లీష్‌లకు తిప్పి చెప్పింది.

"మీది ఏ దేశం అని అడుగుతున్నది."

కెనడా అనలే. "ఇండియా," అన్న.

ఆమె మొఖం వెలిగిపోయింది. "అయితె మీకు లెక్కలు మస్తు వస్తయి గదా? మా పిల్ల లెక్కలల్ల వెనుకవడ్డది."

నేను బీయే. పదో తరగతిల లెక్కల పేపరు గట్టెక్కిందే గొప్ప. "నాకు రావు," అని నిజమే చెప్పిన. మర్యాదకు అంటున్ననుకొని ఆమె ఇంకింత వంగి దండం పెట్టింది.

ఇప్పుడు శనివారం శనివారం ఏడుగురు పిల్లలకు ఇంగ్లీష్‌ల లెక్కలు చెప్తున్న. శుక్రవారం సాయంత్రం కూసోని ముందుగాల నేను నేర్చుకుంట. పోయిన వారం భిన్నాలు మొదలుపెట్టినం. ఇంకొక ఏడాది ఈడనే చెప్తనని కాంట్రాక్టు మీద సంతకం కూడ చేసిన.