తాబేలుకు ఎరుపొచ్చిన రోజు

ఆత్మకూరులో కిరాణా కొట్టు నడిపే కోదండరామయ్య చేప వాసన తగిలితే చాలు, ముక్కు మూసుకుని రోడ్డు దాటిపోతాడు. ఆయన పెంచే తాబేలుకూ ఇంట్లో వండిన పప్పన్నమే. దాని చెవి దగ్గరి ఎర్రచార వెలిసిపోతుంటే, భక్తిగా ప్రతి శుక్రవారం డిప్పకు పసుపు పూశాడు. పశువుల డాక్టరు ఆ పసుపు కడిగించి, ఎండలో ఉంచమన్నాడు, ఆకుకూరా ఎండు రొయ్యలూ పెట్టమన్నాడు. అప్పటినుంచి ఆయన చేపల ఓబులమ్మ దగ్గర్నుంచి రొయ్యలు తెప్పించి, మూతికి తువ్వాలు చుట్టుకుని, మిద్దె మీద పట్టకారుతో తినిపించాడు. ఇవాళ పొద్దున ఆ చార పండుమిరపకాయలా మెరిసింది! గల్లాపెట్టె వదిలేసి, తువ్వాలు మరిచిపోయి, ఓబులమ్మ గంప దగ్గరికి పరుగెత్తాడు.

"ఎరుపు తిరిగొచ్చిండాది ఓబులమ్మా! ఇంటికొచ్చి చూడు!"

"మీ ఇంటికా శెట్టీ? ఈ గంపతోనా?"

"గంపతోనే రా!"