పొందుగల రేవులో ముంచిన పడవ

ఉద్యోగ విరమణకు ముందటి వేసవిలో నన్ను పొందుగల రేవులో ఒక తెరచాప పడవను బాగు చేయించే పని మీద డిప్యుటేషన్ వేశారు. పురావస్తు శాఖలో నాది కన్జర్వేటర్ హోదా, అంటే పాత కట్టడాలు కూలకుండా చూసే ఉద్యోగం. గుళ్ళు, కోట గోడలు చాలా బాగు చేయించాను గానీ పడవను ముట్టింది లేదు. ఆర్డరు చదివాక నాకు కాలు ఒకచోట నిలవలేదు.

ఒకప్పుడు కృష్ణలో మిరపకాయలు, నాపరాళ్ళు మోసిన పడవ అది. డెబ్బై దాటిన నాగమ్మ దాని యజమానురాలు. భర్తతో కలిసి చుక్కాని పట్టిన మనిషి. శాఖకు ఊరికే ఇస్తానంది, ఒకే షరతు మీద: తెరచాపతో నీళ్ళ మీద నడవాలి. మా డిప్యూటీ డైరెక్టరేమో రంగు వేసి సిమెంటు దిమ్మె మీద నిలబెట్టమంటారు. చివరికి ఒక్క పరీక్షకు ఒప్పుకున్నారు. తన కళ్ళ ముందు నడిస్తే నీళ్ళలో ఉంచుతామన్నారు, లేకపోతే పడవ ఇన్నాళ్ళూ పడి ఉన్న నాగమ్మ పాకలోకే. ఇంకో వానాకాలం ఆ పాకలో గడిస్తే అది పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదు.

మాచర్ల వడ్రంగి కాసిం పుచ్చిన పలకలు తీసి మద్ది పలకలు వేశాడు. సందుల్లో నూలు కుక్కి, నూనెలో కాచిన గుగ్గిలం పూశాం. ఆ తర్వాత పడవను ముంచేశాం. కావాలనే. ఒడ్డు దగ్గర లోతు తక్కువ నీళ్ళలో, లోపల నాపరాళ్ళు పేర్చి మరీ ముంచాం. ఎండిన కొయ్య నీళ్ళు తాగి ఉబ్బితే సందులు వాటంతటవే బిగుసుకుంటాయి.

నేను తెరచాప కుట్టించుకు రావడానికి నరసరావుపేట వెళ్ళాను. మా సూపర్‌వైజర్ సుబ్బారావు మహా మర్యాదస్తుడు, చిక్కంతా అక్కడే వచ్చింది. పరీక్ష చూడటానికి పెద్దసారు వచ్చేసరికి పడవ మునిగి కనబడితే ఏం బాగుంటుందని రాళ్ళు తీయించి, ఒడ్డుకు లాగించి, రంగు కొట్టించి, బంతిపూల దండలు కట్టించాడు. రెండు రోజులు పల్నాటి ఎండలో ఉంది. నేను తిరిగొచ్చి చూస్తే సందుల్లోంచి అవతలి వెలుతురు కనబడుతోంది. "చానా కళగా వచ్చింది గదా సార్," అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

కొత్త చాప కొయ్యకు కట్టేసరికి డిప్యూటీ డైరెక్టర్ జీపు వచ్చి ఆగింది. వాయిదా వేయమని బతిమాలాను. ఆయన వినలేదు, ఈరోజు కాకపోతే ఇక లేదన్నారు. సుబ్బారావు ఆయన్ను మర్యాదగా ముందే పడవలో ఎక్కించి కుర్చీ వేశాడు.

నీళ్ళలోకి నెట్టామో లేదో పాదాలు మునిగాయి. ఆయన లేచి నిలబడి, మునుగుతోంది, ఒడ్డుకు తిప్పమన్నారు. చుక్కాని దగ్గర నాగమ్మ చీర చెంగు దోపుకుని ఆయన చేతికో డబ్బా ఇచ్చింది. "నీళ్ళు రాని పడవ యాడుంది సారూ? తోడు. ఒరేయ్ కాసిమూ, చాప ఎత్తరా."

ఆయన వంగి తోడటం మొదలుపెట్టారు. సుబ్బారావూ బకెట్ అందుకున్నాడు. నేనూ కాసిమూ తాడు లాగాం. గాలికి తెరచాప ఫట్టుమని నిండింది, పడవ ముందుకు దూకింది. నా వయసు మరిచిపోయి కేక పెట్టాను. ఎన్ని కోట గోడలు నిలబెట్టినా ఇంత సంతోషం ఎరగను. అవతలి తెలంగాణ ఒడ్డు దాకా పోయి వచ్చాం, దారి పొడుగునా తోడుతూనే ఉన్నాం.

దిగేటప్పటికి డిప్యూటీ డైరెక్టర్ నిలువునా తడిసిపోయారు. బాగానే నడిచింది గానీ రోజూ ఈ నీళ్ళు ఎవరు తోడతారని అడిగారు.

"మనిషిని పెట్టండి. దొరక్కపోతే నేనుండా," అంది నాగమ్మ.

ఆయన సరేనన్నారు. పడవ ఇప్పటికీ నీళ్ళలోనే ఉంది. గుడికి మరమ్మతు పూర్తయితే మా శాఖలో ఫైలు మూసేస్తారు. ఈ ఫైలు మూయడానికి వీల్లేదని నాకు అక్కడ తెలిసింది. అందుకే ఆ ఏడాది ఎస్టిమేట్‌లో కొయ్యకూ గుడ్డకూ పైన మొదటి వరుసలో నీళ్ళు తోడే మనిషిని రాశాను.